తపాలా బుట్టలో మన్ను

1981 సెప్టెంబరు 16, బుధవారం. తిరుపతి నుంచి పుత్తూరుకు పోయే దారిలో మా నర్సరీ, ప్యాకింగ్ షెడ్డు. హాజరైనవారు: యజమాని మునిరత్నం నాయుడు గారు, వారి తల్లి రాజమ్మ గారు, బుట్టలు కట్టే ఆడవాళ్ళకు పెద్దగా ఉన్న కుప్పమ్మ, రైటరుగా పనిచేస్తున్న నేను. పని: పోస్టులో తిరిగి వచ్చిన మొక్కల బుట్టలను అందరి ఎదుటా విప్పి చూడటం.

ఆ రోజు డైరీలో నేను మొదట రాసుకున్నది ఇది. చదివితే పంచనామాలా ఉంటుంది. అలా ఉండాలనే రాశాను. బుట్టల్లో ఏం కనబడుతుందన్న దాన్ని బట్టి కుప్పమ్మ పని ఉండటమో పోవడమో తేలుతుంది. మొక్కలు చావడానికి కట్టేవాళ్ళ అశ్రద్ధే కారణమని తేలితే, ఆమెనూ ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళనూ వచ్చే నెల మొదటి తేదీ నుంచి మాన్పించి, రేణిగుంటలో ఫ్యాక్టరీ సామాన్లు ప్యాక్ చేసే ఒక కాంట్రాక్టరుకు ఆ పని ఇవ్వాలని నాయుడు గారు నిశ్చయించుకున్నారు. ఆ కాంట్రాక్టరు అప్పటికే ఒకసారి వచ్చి షెడ్డు కొలతలు తీసుకుని పోయాడు. కుప్పమ్మ అతనికి మంచినీళ్ళు కూడా ఇచ్చింది, ఎందుకు వచ్చాడో తెలియక.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం ఉంది. ఈ మధ్య మొక్కలను ఇంటికి పంపే వ్యాపారం పెట్టుకున్న కుర్రవాళ్ళు కొందరు నన్ను వెతుక్కుంటూ వచ్చి, డెలివరీ ఖర్చు ఎట్లా తగ్గించాలో చెప్పమంటున్నారు. తగ్గించే ఉపాయం నాకు తెలియదు. ఎక్కడ తగ్గిస్తే ఏం పోతుందో మాత్రం కొంత తెలుసు. దాని కోసం ఇంత దూరం రానవసరం లేదని వాళ్ళకు చెప్పాలనిపిస్తుంది, కానీ కాఫీ ఇచ్చి కూర్చోబెడతాను.

దారి సద్ది

నేను చేరినప్పుడు నర్సరీ పెద్ద నాయుడు గారిది, అంటే మునిరత్నం నాయుడు గారి నాయనది. మామిడి అంట్లు రేణిగుంట స్టేషను నుంచి రైలు పార్శిల్లో పోయేవి. మల్లె, గులాబి, నిమ్మ, జామ లాంటి చిన్న మొక్కలు వెదురు బుట్టల్లో పోస్టులో పోయేవి. నా పని ఉత్తరాలు చదవడం, జవాబులు రాయడం, బుట్టలు తూచి పంపించడం. పేరుకు రైటరును. రోజులో సగభాగం నా చేతులకు మన్నే ఉండేది.

పెద్ద నాయుడు గారు నాకు మొదటి వారంలోనే ఒక మల్లె మొక్కను చేతిలో పెట్టి, దాని వేళ్ళ చుట్టూ ఉన్న మట్టిగడ్డను నొక్కి చూడమన్నారు.

"ఏముండాది?"

"మన్ను సార్."

"మన్ను కాదప్పా, సద్ది. మనిసి ఊరికి పోతే సద్ది కట్టుకోని పోతాడు గదా. దీనికి ఇదే సద్ది. దోవలో దీనికి ఎవురూ పెట్టరు."

ఆయన చెప్పింది అర్థమైంది. అర్థం కానిది ఖర్చు. మొక్కలు పంపే వ్యాపారంలో అమ్మేది మొక్కే అయినా, పంపేదంతా మన్నూ నీళ్ళూ. మల్లె మొక్కకు బరువెక్కడుంది? తడిపిన మట్టిగడ్డకు, తడి గడ్డికి, గోనెపట్టకు, బుట్టకు ఉంది. పోస్టులో రుసుము మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఒక మెట్టు మీద పిడికెడు మన్ను ఎక్కువైనా పై మెట్టు రుసుము మొత్తం కట్టాలి. అందుకని తరచూ మొక్క ధర కన్నా దాని దారి ఖర్చు ఎక్కువయ్యేది. ఇది ఎవరి తప్పూ కాదు. పోస్టాఫీసువాళ్ళు మోసే బరువుకు డబ్బు తీసుకుంటారు, మొక్క అందానికి కాదు.

కర్నూలు వైపు నుంచి ఒక బడిపంతులు గారు రాసిన కార్డు నాకింకా గుర్తుంది. మల్లె మొక్క ధర చూసి ఆశపడ్డాననీ, పోస్టు ఖర్చు చూసి మానుకున్నాననీ, ప్రభుత్వం తనకిచ్చే ప్రయాణ భత్యం కన్నా మా మల్లె మొక్కకే ఎక్కువ ఇవ్వాల్సి వస్తోందనీ రాశారు. పెద్ద నాయుడు గారు ఆ కార్డు చదివి చాలాసేపు నవ్వి, "కొండకు వచ్చినప్పుడు ఈడికి రమ్మను, ఒళ్ళో పెట్టుకోని పోవచ్చు" అని జవాబు రాయించారు. ఆ పంతులు గారు నిజంగానే దర్శనానికి వచ్చి, గుండుతో మా షెడ్డుకు వచ్చి, రెండు మల్లె మొక్కలు తువ్వాలులో చుట్టుకుని పోయారు.

ఖర్చు తగ్గించాలని మేమూ ప్రయత్నించకపోలేదు. ఒకసారి పుత్తూరు అవతల నగరి ఊళ్ళో ఒక తోటాయనకు పంపాల్సిన జామ మొక్కలను బస్సు మీద వేసి పంపాం. అదే బస్సు మీదకు పుత్తూరులో ఒకాయన మేకను ఎక్కించాడు. నగరిలో బుట్టలు దించేసరికి కొమ్మలే మిగిలాయి. తోటాయన తగాదాకు దిగితే మేకాయన చాలా నిదానంగా, "మేకకు టిక్కెట్టు తీసుకున్న్యాను సామీ, మేతకు తీసుకోలే, అదొక్కటే నా తప్పు" అన్నాడట. మొక్కలు మళ్ళీ పంపాం, ఈసారి మా మనిషిని తోడిచ్చి. చౌకగా పంపబోయి రెండుసార్లు పంపడం ఈ వృత్తిలో నేను చాలాసార్లు చూశాను.

పోస్టు ఖర్చు మాదే

పెద్ద నాయుడు గారు పోయాక మునిరత్నం నాయుడు గారు బాధ్యత తీసుకున్నారు. ఆయన చెడ్డమనిషి కాదు. పనివాళ్ళకు జబ్బు చేస్తే తన స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకుపోయిన మనిషి. కానీ నాయన పేరు నిలబెట్టాలన్న తొందర ఎక్కువ. ఏదో దూరపు ఊరి నర్సరీ వాళ్ళ ప్రకటన చూసి, మా కొత్త క్యాటలాగు అట్ట మీద ఎర్ర అక్షరాల్లో "పోస్టు ఖర్చు మాదే" అని వేయించారు.

ప్రూఫు నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగాను. "మాదే అంటే, యాడనుంచి తీసేది సార్?"

"మొక్క రేట్లో కొంచెం కలుపుదాం. మిగిలింది బరువులో తగ్గిద్దాం. అంతంత మన్ను ఎందుకప్పా? మన్ను అమ్మేదానికా మనముండేది?"

"పెద్దాయన..."

"నాయన కాలం వేరే రైటరూ. ఇప్పుడు అందురూ ఇట్లే చేస్తా ఉండారు."

ఆయన బుట్టలు తూచే కాటా ముఖం మీద ఎర్ర రంగుతో గీత గీయించారు. ముల్లు ఆ గీత దాటితే బుట్ట పంపకూడదు, వెనక్కి ఇవ్వాలి. మొక్కల సంఖ్య తగ్గించకూడదు, ఎందుకంటే డబ్బు తీసుకున్నది మొక్కకు. ఈ రెండు ఆజ్ఞలూ షెడ్డుకు చేరవేసి, కాటా దగ్గర నిలబడి అమలు చేయడం నా వంతు.

ఇంకో ఆజ్ఞ అంతకు ముందు నుంచే ఉంది. అది రాజమ్మ గారిది. మా నర్సరీలో ఏ మొక్క కొన్నా ఒక కనకాంబరం మొక్క కొసరుగా ఇచ్చేవాళ్ళం. కొన్నవాళ్ళు లెక్కకు కొన్నదే ఇంటికి పట్టుకుపోతే బాగుండదని పెద్ద నాయుడు గారి నమ్మకం. ఆయన పోయాక రాజమ్మ గారు దాన్ని ఒక నోములా పట్టుకున్నారు. ప్రతి ఉదయం స్నానం చేసి, కనకాంబరం మొక్కలను తానే ఏరి, తడి కొబ్బరి పీచులో చుట్టి, అరటిదొప్పలో పెట్టి నారతో కట్టి, చేటలో షెడ్డుకు తెచ్చి ఇచ్చేవారు. అమ్మగారి చేతి కట్టును ఎవరూ విప్పేవారు కాదు. ఎంత బరువుంటే అంతే బుట్టలోకి పోయేది.

ఎర్ర అక్షరాలు బాగా పనిచేశాయి. ఉత్తరాలు రెండింతలయ్యాయి. వి.పి.పి. మీద పంపమనేవాళ్ళే ఎక్కువ. అంటే బుట్ట ఇంటికి చేరాక పోస్ట్‌మ్యానుకు మొక్కల ధర చెల్లించి తీసుకుంటారు. కుప్పమ్మ తన ఊరి నుంచి ఇంకొంతమంది ఆడవాళ్ళను పనికి తెచ్చింది. వాళ్ళల్లో చాలామంది అంతకుముందు వేరుశనగ చేలల్లో కూలికి పోయినవాళ్ళు. షెడ్డులో నీడ ఉంది, కూలి వారం వారం వస్తుంది. వాళ్ళకు అది మంచి రోజుల కింద లెక్క.

ఆ ఎండాకాలం పోయాక బుట్టలు తిరిగి రావడం మొదలైంది. బుట్ట మీద అడ్డంగా కట్టిన వెదురు దబ్బల సందుల్లోంచి ఆకులు కనబడతాయి. ఆకు మాడి ఉంటే ఎవరు డబ్బు కట్టి తీసుకుంటారు? వద్దని పంపేసేవాళ్ళు. పోయేటప్పటి ఖర్చు మాదే, వచ్చేటప్పటిదీ మాదే. షెడ్డు మూలలో బుట్టలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. వాటిని విప్పడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎండిన మొక్కను చూడటం ఈ పనిలో అలవాటు కావలసిందే, కానీ నాకు చివరిదాకా కాలేదు.

నాయుడు గారి అనుమానం కుప్పమ్మ మీదకు పోయింది. పని ఎక్కువై, తొందరలో నీళ్ళు సరిగ్గా పెట్టడం లేదని ఆయన అనుకున్నారు. కొత్త ఆడవాళ్ళకు పని రాదని కూడా అనుకున్నారు. నేను, "ఒకసారి విప్పి చూద్దాం సార్, అందరి ముందరా" అన్నాను. అందుకే ఆ బుధవారం.

విప్పినప్పుడు

నాయుడు గారు బెంచీ మీద కూర్చున్నారు. రాజమ్మ గారికి కుర్చీ వేశాం. మిగతా ఆడవాళ్ళను నాయుడు గారు బయట ఉండమన్నారు. వాళ్ళు బయటే ఉండి తడికల సందుల్లోంచి చూస్తున్నారు. కుప్పమ్మ కొడవలితో మొదటి బుట్ట కట్లు కోసింది.

మూడు నిమ్మ మొక్కలు. మూడూ పుల్లలు. వాటి మధ్య రాజమ్మ గారు కట్టిన అరటిదొప్ప, అందులో కనకాంబరం. ఆకులు వాడినా పచ్చగానే ఉంది. చిగురు కూడా తొంగి చూస్తోంది.

రెండో బుట్ట గులాబీలు. అన్నీ పోయాయి. కనకాంబరం బతికే ఉంది. మూడోదీ అంతే.

"ఇదేందబ్బా" అన్నారు నాయుడు గారు. "ఊరికే ఇచ్చింది బతికి, దుడ్డు తీసుకోని ఇచ్చింది సచ్చిందా? నీళ్ళు కనకాంబరానికే పోసినారా మీరు?"

బయట ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

కుప్పమ్మ కింద కూర్చుని చచ్చిన నిమ్మ మొక్క గోనెపట్ట విప్పింది. వేళ్ళ చుట్టూ మన్ను కోడిగుడ్డంత కూడా లేదు. నాయుడు గారు బెంచీ మీద నుంచి లేచారు.

"మన్నేదీ? గడ్డ ఎంత ఉండాల, ఇది ఎంత ఉండాది? నువ్వు మా నాయన కాలం నుంచి ఈ పని చేస్తా ఉండావే కుప్పమ్మా, నీకు తెలీదా?"

"తెలుసు సిన్నయ్యా."

"తెలిసే తీసినావా?"

"తెలిసే తీసినాను."

ఆమె తలవంచుకోలేదు. చేతిలోని నిమ్మ పుల్లను గడ్డి మీద పెట్టి, చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

"మీరు గీత దాటొద్దంటిరి. ముల్లు దాటితే ఈ రైటరయ్య బుట్ట ఎనక్కిస్తాడు. మొక్క తగ్గించొద్దంటిరి. అమ్మగారేమో కొసరు మానొద్దంటిరి. ఆ దొప్పను ఇప్పేదానికి మాకు సెయ్యి రాదు. ఇంగ తగ్గించేదానికి ఏముండాది సిన్నయ్యా, మన్ను తప్ప? పిడికిడి పిడికిడి తీసినాము. తీసేటప్పుడు మాకు మాత్రం బాగుండిందా?"

"నాతో సెప్పొచ్చు గదా?"

"ఒకతూరి సెప్పినా. మన్ను అమ్మేదానికా మనముండేది అంటిరి."

ఆ మాట నాయుడు గారికి గుర్తుంది. ముఖం చూస్తే తెలిసింది.

రాజమ్మ గారు తాను కట్టిన కనకాంబరాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "దీని కోసరం అవి సచ్చినాయా?" అని అడిగారు, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా.

"దీని కోసరం కాదమ్మా, బరువు కోసరం" అన్నాను నేను.

"ఒకటే గదప్పా" అన్నారామె.

కుర్రవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఈ పూటలోనే ఉంది. అక్కడ దొంగతనం లేదు, సోమరితనం లేదు. ఎవరికి వాళ్ళం ఒక మంచి ఉద్దేశంతో ఒక ఆజ్ఞ ఇచ్చాం. నాయుడు గారిది కొనేవాడి మీద భారం వేయకూడదని. అమ్మగారిది కొనేవాడు వెలితిగా ఇంటికి పోకూడదని. అవన్నీ వెళ్ళి ఒక మనిషి చేతుల్లో పడ్డాయి. ఆ మనిషికి తగ్గించడానికి మిగిలింది ఒక్కటే, అది లేకుంటే మొక్క బతకదు. దారి ఖర్చును ఊరికే అని రాస్తే ఖర్చు మాయం కాదు. ఎవరో ఒకరు కట్టాలి. మా దగ్గర నిమ్మ మొక్కలు కట్టాయి.

తీర్మానం

ఆ తరువాత జరిగింది కష్టమైన మాట. మన్ను నిండుగా పెడితే ప్రతి బుట్టా పై మెట్టుకు పోతుంది. కొసరు తీసేసినా పోతుంది. పోస్టు ఖర్చు మేమే పెట్టుకుంటే ప్రతి బుట్టకూ చేతినుంచి వేయాలి. అందుకని క్యాటలాగు మీద ఎర్ర అక్షరాలు తీసేసి, మొక్క ధర వేరుగా, దారి ఖర్చు వేరుగా, అయినంత వేయాలని నేను చెప్పాను.

"ఆర్డర్లు పడిపోతాయి" అన్నారు నాయుడు గారు.

"సగానికి పడతాయి సార్. పెద్దాయన కాలంలో ఎంత ఉండెనో అంతకు."

"కొసరు?" అని అడిగారు.

దానికి జవాబు రాజమ్మ గారు ఇచ్చారు. "ఈడికి వచ్చినోళ్ళకు చేతికిస్తా. పోస్టులో వద్దు." అన్నాక లేచి ఇంటికి వెళ్ళిపోయారు. కనకాంబరాన్ని వెంట తీసుకెళ్ళారు.

నాయుడు గారు కాంట్రాక్టరుకు వద్దని కబురు పంపమన్నారు. కుప్పమ్మకు తెలుసు, ఇంకా ఒక మాట ఉందని.

"బుట్టలు సగమైతే అందుర్నీ పెట్టుకోలేను కుప్పమ్మా. సగం మంది చాలు. ఎవుర్ని ఉంచుకోవాలో రేపు పొద్దునకు నువ్వే సెప్పు."

"నేనెట్ల సెప్పేది సిన్నయ్యా? నేను తోడుకోనొచ్చిన వాళ్ళే గదా."

"తోడుకోనొచ్చింది నువ్వే గాబట్టి."

ఆయన అలా అనడం న్యాయం కాదని నాకు అప్పుడే అనిపించింది. పైవాళ్ళకు చేతకాని కోత పనిని మళ్ళీ అదే చేతులకు ఇచ్చారు. ఇందాక మన్ను, ఇప్పుడు మనుషులు. కానీ నేను నోరు తెరవలేదు. యజమానులతో ఒక పూటలో ఒక నిజం చెప్పగలం, రెండోది చెబితే మొదటిది కూడా వినరు. ఇది నా అనుభవం. సరైనదని అనను.

తడికల వెనక ఆడవాళ్ళు అంతా విన్నారు. కుప్పమ్మ బయటికి పోగానే ఆమె చుట్టూ చేరారు. అందరూ కలిసి రోడ్డు దాకా నడిచి, పుత్తూరు బస్సు ఎక్కి వెళ్ళిపోయారు. నేను చచ్చిన మొక్కలను గుంతలో వేయించి, ఖాళీ బుట్టలు ఎండలో పెట్టించి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున

నేను వెళ్ళేసరికి షెడ్డులో సగం మందే ఉన్నారు. గడ్డి తడుపుతున్నారు. నాయుడు గారు స్కూటరు నిలిపి లోపలికి వచ్చి, ఒక చూపు చూసి, పెద్ద బరువు దిగినట్టు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు.

"మాన్పించినోళ్ళ పేర్లు రాసుకో రైటరూ. వాళ్ళకు ఈ వారం కూలి ఇచ్చేయాల."

వాళ్ళల్లో మునెమ్మ అనే ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. "ఎవుర్నీ మాన్పించలేదయ్యా. బస్సులోనే మాట్లాడుకున్న్యాము. ఈ పొద్దు మేమొచ్చినాము. రేపు వాళ్ళొస్తారు. ఆ మర్నాడు మళ్ళా మేము. వచ్చినోళ్ళకు కూలి ఇయ్యండి, రానోళ్ళకు వద్దు."

నాయుడు గారు ఇంకోసారి వాళ్ళందరినీ చూశారు. "కుప్పమ్మ యాడ?"

"ఆయమ్మది రేపటి వంతు."

"మీ పెద్దామె లేకుండా బుట్టలెవురు కట్టేది?"

"మేమే" అంది మునెమ్మ. మన్ను తట్టను దగ్గరికి లాక్కుంది. "ముల్లు గీత దాటకుండా మన్ను గిల్లేదానికి ఆయమ్మ సెయ్యి కావాల గానీ, నిండుగా పెట్టేది మాకూ వస్తాది."

నాయుడు గారు కాటా దగ్గరికి వచ్చి, నన్ను పక్కకు జరగమని చేత్తో చూపి, మొదటి బుట్ట తానే అందుకుని, ముల్లు ఎర్ర గీత దాటినా వెనక్కి ఇవ్వకుండా పంపే బుట్టల వరుసలో పెట్టారు.